ఆక్టోబర్‌ఫెస్ట్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ముందు బెంచీ మీద చోటు చూసుకోండి

జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్‌కి ప్రవేశ రుసుము లేదు, టికెట్టూ లేదు. గేటు దగ్గర సంచీ చూసి లోపలికి వదిలేస్తారు. అందుకే చాలామంది "వెళ్తే చాలు కదా" అనుకుని శనివారం సాయంత్రం తీరిగ్గా బయల్దేరతారు. వెళ్లేసరికి పెద్ద టెంట్లన్నీ నిండిపోయి తలుపులు మూసి ఉంటాయి. అక్కడి అసలు నియమం ఒక్కటే, కూర్చున్నవాళ్లకే బీరు పోస్తారు. బల్ల దగ్గర చోటు దొరికితే మిగతావన్నీ వాటంతటవే సమకూరుతాయి. దొరక్కపోతే జనంలో నడిచి, వేయించిన బాదంపప్పు పొట్లం కొనుక్కుని వెనక్కి రావాల్సిందే. అందుకని రోజు ఎంచుకోవడం నుంచి తిరుగు రైలు దాకా అన్నీ ఆ చోటు చుట్టూ ఆలోచించుకోండి.

రోజు, గంట ఎంచుకోవడం

పేరులో అక్టోబరు ఉన్నా పండగ చాలావరకు సెప్టెంబరులోనే అయిపోతుంది. సెప్టెంబరు 15 తర్వాత వచ్చే శనివారం మొదలై అక్టోబరు మొదటి ఆదివారంతో ముగుస్తుంది. ఆ ఆదివారం 1వ తేదీనో 2వ తేదీనో వస్తే, జర్మనీ జాతీయ సెలవైన 3వ తేదీ దాకా పొడిగిస్తారు. ఈ లెక్కన 2026లో సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు. అక్టోబరులో వెళ్దామని రెండో వారానికి విమానం టికెట్లు కొనుక్కుంటే ఖాళీ మైదానంలో టెంట్లు విప్పుతూ కనిపిస్తారు.

మొదటిసారి వెళ్లేవాళ్లకు సోమవారం నుంచి గురువారం వరకు ఏ రోజైనా మంచిదే. పగలు 11 గంటలకల్లా టెంటులో ఉండండి. మామూలు రోజుల్లో ఉదయం 10కి, శని ఆదివారాల్లోనూ సెలవు రోజునా 9కి బీరు మొదలవుతుంది. రాత్రి 10:30కి ఆఖరి ఆర్డరు, 11:30కి పెద్ద టెంట్లు మూసేస్తారు. మంగళవారాల్లో కుటుంబాల కోసం ఆటల మీదా కొన్ని తినుబండారాల మీదా తగ్గింపు ఉంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ఆ రోజే పెట్టుకోవడం తెలివైన పని.

తప్పించుకోవాల్సిన రోజులూ ఉన్నాయి. శనివారాలు మూడూ కష్టమే. రెండో వారాంతం ఇటలీ నుంచి జనం బస్సులు కట్టుకుని వస్తారు. 2025లో ఆ శనివారం మధ్యాహ్నం తాకిడి తట్టుకోలేక కాసేపు మైదానంలోకే ఎవరినీ రానివ్వలేదు. అక్టోబరు 3 సెలవు కూడా అంతే, పైగా 2026లో అది శనివారం పడింది. పండగ అధికారిక వెబ్‌సైటులో ఏ రోజు ఏ పూట ఎంత రద్దీ ఉంటుందో అంచనా వేసి పెట్టే పట్టిక ఒకటి ఉంటుంది, దాని పేరు వీజన్ బారోమీటర్. తేదీ ఖాయం చేసుకునే ముందు అది చూడండి. మ్యూనిక్ వాళ్లు ఈ పండగను ఆక్టోబర్‌ఫెస్ట్ అనరు, వీజన్ అంటారు. టికెట్ కౌంటర్లో, ట్యాక్సీలో మీకు వినిపించేదీ ఆ మాటే.

ప్రారంభోత్సవం చూడాలని చాలామందికి ఉంటుంది. ఆ శనివారం మధ్యాహ్నం సరిగ్గా 12కి నగర మేయర్ షాటెన్‌హామెల్ టెంటులో చెక్క సుత్తితో పీపాకు కుళాయి బిగించి, "ఓ త్సాప్ఫ్ట్ ఇస్", అంటే పీపా తెరిచేశాం, అని కేకేస్తాడు. 12 సార్లు ఫిరంగి మోగుతుంది. ఆ తర్వాతే మిగతా టెంట్లలో కూడా బీరు పోయడం మొదలవుతుంది. 1950 నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. కానీ లోపల చోటు కావాలంటే తెల్లవారుజామునే గేటు దగ్గర నిలబడి, తలుపులు తెరిచాక పరుగెత్తి, చుక్క బీరు లేకుండా మూడు గంటలు కూర్చోవాలి. దానికంటే ఆ ఉదయం టెంటు యజమానులు, బీరు తయారుచేసే బ్రూవరీల గుర్రపు బండ్లు ఊళ్లోంచి ఊరేగింపుగా వచ్చేది రోడ్డు పక్కన నిలబడి చూడండి. మర్నాడు ఆదివారం ఉదయం 10కి వేలమంది సంప్రదాయ దుస్తుల్లో నడిచే ఇంకో ఊరేగింపు ఉంటుంది. రెండూ ఉచితమే, రెండూ చూడదగ్గవే.

వీసా, బస

ఇండియా నుంచి వెళ్లేవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి. అయితే వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఏప్రిల్, మే నెలల్లోనే పట్టుకోండి. వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. పెద్దవాళ్లకు వీసా రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. బీమా తీసుకునేటప్పుడు మద్యం మత్తులో తగిలిన దెబ్బలకు వర్తిస్తుందో లేదో ఆ షరతు ఒక్కటి చదవండి. చాలా పాలసీల్లో వర్తించదు.

మ్యూనిక్‌లో హోటల్ గది ధర ఆ రెండు వారాలు మామూలు కంటే రెండు మూడింతలు ఉంటుంది. ఊళ్లో చదువుకునే పిల్లలో, ఉద్యోగం చేసే చుట్టాలో ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. లేకపోతే ఆగ్స్‌బుర్గ్, ఇంగోల్‌స్టాట్, రోజెన్‌హైమ్, రేగెన్స్‌బుర్గ్ లాంటి ఊళ్లలో ఉండి రైల్లో రావచ్చు. ఆగ్స్‌బుర్గ్ ముప్పావు గంట లోపే. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రమంతా ప్రాంతీయ రైళ్లలో తిరగడానికి బయర్న్ టికెట్ ఉంది. మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచి, శని ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచి, మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. ఐదుగురి వరకు ఒకే టికెట్ మీద వెళ్లొచ్చు కాబట్టి బృందానికి చాలా కలిసొస్తుంది. ఐసీఈ, ఐసీ అనే దూరప్రాంత రైళ్లలో ఇది చెల్లదు.

రిజర్వేషన్ కావాలా?

ఇద్దరో ముగ్గురో వెళ్తుంటే, అదీ మామూలు రోజు పగలైతే, అక్కర్లేదు. ఎనిమిది మందో పది మందో కలిసి సాయంత్రం కూర్చోవాలంటే తప్పదు.

రిజర్వేషన్ అంటే ఒక బల్ల మొత్తం, 8 నుంచి 10 మందికి. ప్రతి టెంటు తన వెబ్‌సైటులో తానే ఇస్తుంది. అన్ని టెంట్లకూ కలిపి బుక్ చేసే చోటు లేదు. కూర్చున్నందుకు డబ్బు తీసుకోరు గానీ, మనిషికి ఇంత అని తిండికీ బీరుకీ కూపన్లు ముందే కొనాలి. సాధారణంగా రెండు లీటర్ల బీరు, సగం కోడి. దరఖాస్తులు సంవత్సరం మొదట్లోనో వసంతంలోనో తెరుస్తారు. స్థానికులకు, ఏటా వచ్చేవాళ్లకు పోగా మిగిలినవే కొత్తవాళ్లకు.

ఆన్‌లైన్‌లో బల్లకు వేల యూరోలు అడిగే సైట్లు కనిపిస్తాయి. అటు వెళ్లకండి. టెంటు యజమానుల నిబంధనల ప్రకారం ఇలా చేతులు మారిన రిజర్వేషన్లు చెల్లవు. డబ్బు కట్టి, తలుపు దగ్గర ఆగిపోయినవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

రిజర్వేషన్ లేనివాళ్ల కోసం ప్రతి పెద్ద టెంటూ కొంత భాగం ఖాళీగా ఉంచాలన్నది నగర పాలక సంస్థ నిబంధన. వారాంతపు పగళ్లు ఆ వాటా ఇంకా ఎక్కువ. మధ్యలో ఉండే భాగం చాలాచోట్ల అలా వదిలేస్తారు. దాన్ని షిఫ్ అంటారు. లోపలికి వెళ్లగానే నేరుగా అటు నడవండి.

ఏ టెంటు

పెద్ద టెంట్లు 14, చిన్నవి మరో 20 పైచిలుకు. బీరు మాత్రం మ్యూనిక్ నగరానికి చెందిన ఆరు బ్రూవరీలదే: ఆగుస్టీనర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రాయ్, లోవెన్‌బ్రాయ్, పౌలానర్, ష్పాటెన్. ఒక టెంటులో ఒక బ్రూవరీ బీరే దొరుకుతుంది. అందుకని మెనూలో బీరు ఎంచుకోవడమనే ప్రశ్న లేదు, టెంటును ఎంచుకోవడంతోనే అది తేలిపోతుంది.

మొదటిసారికి ఆగుస్టీనర్ టెంటు మంచి ఎంపిక. స్థానిక కుటుంబాలు ఎక్కువ, గోల తక్కువ. ఇక్కడ బీరు ఇప్పటికీ 200 లీటర్ల చెక్క పీపాల్లోంచి పోస్తారు. స్టీలు ట్యాంకు బీరు కంటే గ్యాసు తక్కువగా, మెత్తగా దిగుతుంది. పీపా ఖాళీ అయి కొత్తది దొర్లించుకొచ్చి కుళాయి కొట్టేది దగ్గరగా చూడాలంటే కౌంటర్ వైపు బల్ల చూసుకోండి. చేపలు తినేవాళ్లకు ఫిషర్-ఫ్రోని టెంటు ఉంది. పొడవాటి పుల్లకు గుచ్చి నిప్పుల పక్కన నిలబెట్టి కాల్చిన చేప అక్కడి ప్రత్యేకత, పోసేది ఆగుస్టీనర్ బీరే. హోఫ్‌బ్రాయ్ టెంటు నిండా విదేశీయులు, ఇంగ్లీషు వినిపిస్తూ ఉంటుంది, పగలే హోరెత్తిపోతుంది. పెద్ద టెంట్లలో నిలబడినవాళ్లకు కూడా బీరు పోసే ప్రత్యేక స్థలం ఉన్నది అక్కడే కాబట్టి, ఎక్కడా చోటు దొరకనప్పుడు అదే ఆఖరి దారి. షాటెన్‌హామెల్‌లో మ్యూనిక్ కుర్రకారు, హాకర్‌లో పైకప్పు నిండా మేఘాలు వేసిన నీలాకాశం. ఓక్సెన్‌బ్రాటెరై అన్నది ఎద్దును నిలువునా ఇనుప కమ్మీకి గుచ్చి కాల్చే టెంటు. గొడ్డు మాంసం తిననివాళ్లు పేరు చూసుకుని వెళ్లండి.

దక్షిణం చివర ఓయిడె వీజన్ అని పాతకాలపు పండగ వాతావరణం నిలిపిన భాగం ఉంటుంది. దానికి మాత్రం నాలుగు యూరోల టికెట్. మట్టి మగ్గుల్లో బీరు, జానపద నృత్యాలు, పాత రంగులరాట్నాలు. పెద్దవాళ్లను తీసుకెళ్తే ఇక్కడే హాయి. వ్యవసాయ ప్రదర్శన జరిగే ఏడాది ఆ స్థలం దానికి పోతుంది కాబట్టి ఈ భాగం ఉండదు. 2024లో అలాగే జరిగింది.

ఏం వేసుకోవాలి, ఏం మోయకూడదు

లెదర్‌హోజెన్ అనే మగవాళ్ల తోలు నిక్కరు, డిర్న్‌డల్ అనే ఆడవాళ్ల గౌను తప్పనిసరి కాదు. జీన్సు, గళ్ల చొక్కాతో వెళ్తే ఎవరూ వింతగా చూడరు. వేసుకోవాలనుకుంటే మాత్రం పార్టీ దుకాణాల్లో దొరికే పలచటి పాలిస్టర్ వేషాలు కొనకండి. అసలు దుస్తులు బవేరియా వాళ్ల పండగ బట్ట. పెళ్లిళ్లకూ చర్చికీ వేసుకునేది. మంచి తోలుది కొనేంత డబ్బు పెట్టలేకపోతే మ్యూనిక్‌లో అద్దెకిచ్చే దుకాణాలున్నాయి. డిర్న్‌డల్ వేసుకునే ఆడవాళ్లు ఏప్రాన్ ముడి సంగతి తెలుసుకోవాలి. మీ ఎడమ పక్కన కడితే ఒంటరి, కుడి పక్కన కడితే పెళ్లయింది లేదా జోడీ ఉంది అని. పలకరింపులు వద్దనుకుంటే కుడి పక్కన కట్టేయండి, సగం బెడద తగ్గుతుంది.

చెప్పులు వద్దు, ముందు మూసి ఉన్న బూట్లే. సాయంత్రానికి నేల మీద గాజు పెంకులు, ఒలికిన బీరు, కొన్నిచోట్ల అంతకంటే ఘోరం. టెంటులో ఉక్కగా ఉంటుంది, రాత్రి బయటికి వస్తే పది డిగ్రీల దగ్గర్లో చలి. నడుముకు కట్టుకోగలిగే పలచటి స్వెటరో జాకెట్టో చాలు.

సంచీ కొలత ఖచ్చితంగా చూస్తారు. 20 × 15 × 10 సెంటీమీటర్లు, అంటే మూడు లీటర్లు దాటితే లోపలికి రానివ్వరు. కాలేజీ బ్యాగు, ల్యాప్‌టాప్ బ్యాగు, విమానాశ్రయం నుంచి తెచ్చిన సూట్‌కేసు అన్నీ బయటే. గేట్ల దగ్గర డబ్బు తీసుకుని దాచే చోట్లుంటాయి గానీ సాయంత్రం అక్కడా వరస. గాజు సీసాలు, కత్తులు, పెప్పర్ స్ప్రే, గంజాయి నిషేధం. పిల్లల తోపుడు బండి శనివారాల్లోనూ అక్టోబరు 3నా అసలు కుదరదు, మిగతా రోజుల్లో సాయంత్రం 6 వరకే.

మైదానం చేరడం

థెరేసియెన్‌వీజె అనే మెట్రో స్టేషను సరిగ్గా గేటు ముందే ఉంటుంది, యూ4, యూ5 లైన్లు. అందరూ దిగేది అక్కడే కాబట్టి రద్దీ పెరిగితే ఆ స్టేషనును కాసేపు మూసేస్తారు. మీరు యూ3 లేదా యూ6లో గోయ్టెప్లాట్స్‌లో దిగండి, లేదా ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో వచ్చి హాకర్‌బ్రూకెలో దిగి జనంతో పాటు నడవండి. ప్రధాన రైల్వే స్టేషన్ నుంచి నడిచినా పావుగంటే. కారులో వెళ్లే ఆలోచనే వద్దు.

బృందంగా వెళ్తే కలుసుకునే చోటు ముందే చెప్పుకోండి. లక్షల ఫోన్లు ఒకేచోట ఉండేసరికి సాయంత్రం నెట్‌వర్క్ మొరాయిస్తుంది. "ఫెర్రిస్ వీల్ దగ్గర" అంటే సరిపోదు. "ఫెర్రిస్ వీల్ టికెట్ కౌంటరు ఎదురుగా, ప్రతి గంటకూ" అని చెప్పుకుంటే తప్పిపోయినవాళ్లు దొరుకుతారు.

బల్ల దగ్గర చోటు అడగడం

అందరూ కలిసే లోపలికి వెళ్లండి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు ఇక్కడ కుదరదు. మనిషి లేని చోటు ఖాళీ చోటే. ముందొచ్చిన ఇద్దరు, రావాల్సిన ఆరుగురి కోసం బల్ల ఆపుతుంటే వడ్డించేవాళ్లు ఒప్పుకోరు.

లోపల బల్లల మధ్య నడుస్తూ చివర్లు చూడండి. పది మంది పట్టే బల్ల దగ్గర ఏడుగురు ఉంటారు. ఆగి, "ఇస్ట్ హియర్ నోఖ్ ఫ్రై?" అని అడగండి, ఇక్కడ ఖాళీ ఉందా అని. చాలాసార్లు జరిగి చోటిస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోవడమే ఇక్కడి మర్యాద, మొహమాటపడకండి. కూర్చోగానే పక్కవాళ్లకు "సెర్వుస్" అని పలకరించండి. నలుగురి కంటే ఎక్కువ ఉంటే రెండుగా విడిపోయి దగ్గరి బల్లల్లో కూర్చుంటే సులువు. కాసేపట్లో ఎవరో లేస్తారు, కలిసిపోవచ్చు.

బల్ల మీదో పక్క కమ్మీ మీదో పేరూ గంటా రాసిన కాగితం ఉంటే అది రిజర్వు అయినది. అయినా కంగారు పడొద్దు. 4 గంటల నుంచి అని రాసి ఉంటే 12 నుంచి 3:45 వరకు మీరు కూర్చోవచ్చు. వడ్డించే ఆమెను అడిగి కూర్చుని, చెప్పిన టైముకు మారుమాట్లాడకుండా లేవండి. పగటి పూట రిజర్వేషన్ లేనివాళ్లకు చోటు దొరికేది ఎక్కువగా ఇలాగే.

తలుపులు మూసేశారా? టెంటు చుట్టూ తిరిగి పక్కనున్న బయటి బల్లలు చూడండి. అదే బీరు, అదే వడ్డన, రిజర్వేషన్ గొడవ తక్కువ. ఎండ కాస్తే లోపలి కంటే బయటే బాగుంటుంది. ఇంకో మాట, నిండిన టెంటులోంచి "ఒక్క చుట్టు చుట్టి వస్తాం" అని బయటికి వెళ్తే తిరిగి రానివ్వరు. మరుగుదొడ్లు లోపలే ఉంటాయి, అందుకోసం బయటికి పోనక్కర్లేదు.

ఆర్డరు, డబ్బు, టిప్పు

ఆ వరస బల్లలకు ఒకే మనిషి వడ్డిస్తుంది, లేదా వడ్డిస్తాడు. చిటికెలు వేయొద్దు, చెయ్యి పట్టి లాగొద్దు. కళ్లు కలిసినప్పుడు చెయ్యెత్తి, ఎన్ని కావాలో వేళ్లతో చూపండి. జర్మన్లు ఒకటికి బొటనవేలు చూపుతారు. మీరు చూపుడువేలు ఒక్కటే ఎత్తితే, ఆ గోలలో బొటనవేలు కలిపి రెండనుకోవచ్చు. బీరు వచ్చే కొలత ఒకటే, మాస్, అంటే లీటరు. అరలీటరు అడిగితే దొరకదు.

ధర 2025లో టెంటును బట్టి 14.50 నుంచి 15.80 యూరోల వరకు ఉంది, ఏటా కాస్త పెరుగుతుంది. మన డబ్బులో పదిహేను వందలు దాటినట్టే. బీరు బల్ల మీద పెట్టగానే డబ్బు ఇవ్వాలి, చివర్లో బిల్లు అనే పద్ధతి ఆశించకండి. నోట్లే తీసుకెళ్లండి. కార్డు తీసుకునే చోట్లు పెరిగాయి గానీ యంత్రం కోసం చూసేసరికి ఆమె ఇంకో బల్లకు వెళ్లిపోతుంది. మైదానంలో ఏటీఎంలకు వరసా ఎక్కువ, రుసుమూ ఎక్కువ. ఒక మనిషి రెండు మాస్‌లు, సగం కోడి, ఒక బ్రెజెల్ (ముడిలా చుట్టిన ఉప్పు రొట్టె), రెండు ఆటలు అనుకుంటే 80 నుంచి 100 యూరోలు జేబులో ఉండాలి. అందులో ఇరవైలు, పదులు ఎక్కువ ఉండేలా చూసుకోండి.

టిప్పు చిల్లరలా వదిలేయడం కాదు, ఇచ్చేటప్పుడే చెప్పాలి. 15.60 అయితే ఇరవై ఇచ్చి "జీబ్‌త్సేన్" అంటే పదిహేడు తీసుకుని మూడు వెనక్కి ఇస్తుంది. సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చేవాళ్ల బల్లకు రెండో మాస్ రావడం ఆలస్యమవుతుంది, మొదటి ఆర్డరుకే బాగా ఇచ్చిన బల్ల ఆమెకు గుర్తుంటుంది. ఖాళీ మగ్గు ఒక్కటే కిలోకి పైగా బరువు, నిండితే రెండు కిలోలు దాటుతుంది. అలాంటివి పది ఒకేసారి ఎత్తుకుని జనంలోంచి వస్తుంటారు. వాళ్లు వచ్చే దారిలో నిలబడకండి. ఈల వినిపిస్తే వెంటనే పక్కకి తప్పుకోండి.

మగ్గు మీద లీటరు గీత ఉంటుంది. నురగ అణిగాక బీరు ఆ గీతకు బాగా కిందికి ఉంటే, తాగకముందే "బిట్టె నాఖ్‌షెంకెన్" అని మర్యాదగా అడగండి, నింపి ఇస్తారు. సగం తాగాక అడిగితే ఎవరూ నమ్మరు.

తాగే లెక్క

కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. పండగ కోసం ప్రత్యేకంగా చేసే ఈ బీరులో ఆల్కహాల్ సుమారు 6 శాతం. తియ్యగా, మెత్తగా ఉంటుంది కాబట్టి ఘాటు తెలియదు. లీటరులో 60 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ ఉన్నట్టు. మన విస్కీ 42.8 శాతం కాబట్టి, ఒక్క మాస్ అంటే 30 ఎంఎల్ పెగ్గులు నాలుగున్నర దాటినట్టు. రెండు మాస్‌లంటే తొమ్మిది పెగ్గులు. 70 కిలోల మగమనిషి ఒంట్లోంచి ఒక మాస్ పూర్తిగా దిగడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆడవాళ్లకు, బరువు తక్కువ ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. గంటకొకటి చొప్పున తాగితే మూడో గంటకు ఏం జరుగుతుందో మైదానం పక్కనున్న బవేరియా విగ్రహం కింద గడ్డి గట్టు మీద పడి ఉన్నవాళ్లను చూస్తే తెలుస్తుంది.

పనికొచ్చే పద్ధతి ఇది. ముందు తినండి, కొవ్వూ పిండీ ఉన్నది. మొదటి మాస్‌కు గంటన్నర తీసుకోండి. తర్వాతది రాడ్లర్ చెప్పండి, సగం బీరు సగం నిమ్మ సోడా. ఆ తర్వాత నీళ్లు, లేదా ఆల్కహాల్ లేని బీరు, అదీ లీటరు మగ్గులోనే వస్తుంది కాబట్టి పక్కవాళ్లకు తేడా కూడా తెలియదు. తాగనివాళ్లకు ష్పెత్సి ఉంది, కోలా, నారింజ కలిపినది. టెంటులో నీళ్ల ధర కూడా ఎక్కువే ఉంటుంది, దాన్ని చూసి నీళ్లు మానేయడం పెద్ద తప్పు.

పక్కవాళ్లతో మగ్గులు తాటించేటప్పుడు కింది భాగం తాకించండి, అక్కడ గాజు మందం. పై అంచులు తాకిస్తే పగులుతాయి. "ప్రోస్ట్" అంటూ ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, మగ్గు వైపు చూడటం అమర్యాద కింద లెక్క. బ్యాండు వాళ్లు ఇరవై నిమిషాలకోసారి "ఐన్ ప్రోజిట్" అనే చిన్న పాట అందుకుంటారు, అందరూ లేచి మగ్గెత్తుతారు. ప్రతిసారీ పెద్ద గుటక వేయాల్సిన పని లేదు, పెదాలకు ఆనిస్తే చాలు. సాయంత్రం 6 వరకు బాకా వాద్యాలే, శబ్దం కూడా తక్కువ. ఆరు దాటాక పార్టీ పాటలు మొదలై అందరూ బెంచీల మీదికి ఎక్కుతారు. బెంచీ ఎక్కవచ్చు, బల్ల మాత్రం ఎక్కకూడదు. ఎక్కి లీటరు గటగటా తాగే ప్రయత్నం చేస్తే సెక్యూరిటీ వాళ్లు బయటికి పంపేస్తారు.

తిండి

హెండ్ల్ అంటే కాల్చిన సగం కోడి. ఉప్పు, మిరియాలు, వెన్న, పార్స్‌లీ ఆకు, అంతే. కారం ఉండదు గానీ కరకరలాడే తోలుతో బాగుంటుంది, చేత్తోనే తినొచ్చు. ధర ఒక మాస్ ధర అంతో ఇంకాస్త ఎక్కువో. ష్వైన్స్‌హాక్సె పంది కాలు. మెనూలో రిండ్, ఓక్స్ అంటే గొడ్డు మాంసం, కాల్బ్ అంటే దూడ, ష్వైన్ అంటే పంది, పూటె అంటే టర్కీ కోడి. తెల్లటి వైస్‌వుర్స్ట్ సాసేజిలో దూడ, పంది రెండూ ఉంటాయి.

శాకాహారులకు ఇప్పుడు ప్రతి పెద్ద టెంటులోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. కేజెష్పెట్స్‌లె అని చీజు కలిపిన మెత్తటి పిండి వంటకం కడుపు నింపుతుంది. పుట్టగొడుగుల కూరతో జెమ్మెల్‌క్నోడెల్ అనే రొట్టె ఉండలు కూడా బాగుంటాయి. ఈ రెండింటిలోనూ గుడ్డు వేస్తారు. గుడ్డు తిననివాళ్లకు బ్రెజెల్, ఉప్పు చల్లిన ముల్లంగి చుట్లు, బయట దుకాణాల్లో ఆలుగడ్డ వేపుళ్లు మిగులుతాయి. బ్రెజెల్‌తో అద్దుకునే ఓబాత్స్‌డా అనే చీజు ముద్దలో కొందరు బీరు కలుపుతారు, మద్యం ముట్టనివాళ్లు అడిగి తీసుకోండి. క్నోడెల్ పేరు ముందు ష్పెక్ అని ఉంటే పంది కొవ్వు ఉన్నట్టు. "ఓనె ఫ్లైష్?" అంటే మాంసం లేకుండానేనా అని.

బయట మైదానం, పిల్లలు

టెంటులో మూడు నాలుగు గంటలు చాలు. మిగతా టైము బయట తిరగండి, సగం పండగ అక్కడే ఉంది. ఆటలు ముందు, బీరు తర్వాత. ఈ వరస తప్పితే కడుపు ఊరుకోదు. గిర్రున తిరిగే చక్రం మీద ఎవరు ఎక్కువసేపు నిలుస్తారో చూసే టొయిఫెల్స్‌రాడ్ 1910 నుంచి ఉంది. ఎక్కకపోయినా చుట్టూ నిలబడి చూడటమే గొప్ప సరదా. బవేరియా విగ్రహం పద్దెనిమిదిన్నర మీటర్ల ఎత్తు కంచు బొమ్మ, లోపలి మెట్ల మీదుగా తల దాకా ఎక్కి కిందికి చూడొచ్చు. ఆరేళ్లలోపు పిల్లలు రాత్రి 8 తర్వాత టెంట్లలో ఉండకూడదు, తల్లిదండ్రులు పక్కనున్నా సరే.

జాగ్రత్తలు, తిరుగు ప్రయాణం

మగ్గు ఎత్తుకు రాకండి. అది దొంగతనమే. తలుపుల దగ్గర, గేట్ల దగ్గర సంచీలు చూస్తారు. 2024లో ఇలా వెనక్కి తీసుకున్న మగ్గులు లక్షకు దగ్గరగా ఉన్నాయి. గుర్తుగా కావాలంటే దుకాణంలో కొని రశీదు దగ్గర పెట్టుకోండి.

షాటెన్‌హామెల్ టెంటు వెనక సేవా కేంద్రం ఉంది. పోలీసు, ప్రథమ చికిత్స, పోయిన వస్తువుల కౌంటరు అన్నీ అక్కడే. ఆడవాళ్లకు, ఆడపిల్లలకు అక్కడే ప్రత్యేక సహాయ కేంద్రం ఉంటుంది. స్నేహితులు తప్పిపోయినా, ఎవరైనా వెంటపడుతున్నా, ఫోను పోయి ఇంటికి వెళ్లే దారి తెలియకపోయినా నేరుగా వెళ్లొచ్చు, ఇంగ్లీషులో మాట్లాడతారు. మీ మగ్గు మీ కళ్ల ముందే ఉండాలి. మీతో వచ్చినవాళ్లలో ఎవరైనా తూలుతుంటే ఒంటరిగా వదలకండి, రాత్రి చలిలో గట్టు మీద నిద్రపోవడం ప్రమాదం.

ఎలక్ట్రిక్ స్కూటర్ ఎక్కాలనిపిస్తుంది, ఎక్కకండి. జర్మనీలో దానికీ కారుకు ఉన్న మద్యం పరిమితే, రక్తంలో లీటరుకు అర గ్రాము. ఒక్క మాస్‌తోనే చాలామంది అది దాటేస్తారు. చుట్టుపక్కల వీధుల్లో పోలీసులు తనిఖీ చేస్తూనే ఉంటారు. జరిమానా పడుతుంది, నెల రోజుల డ్రైవింగ్ నిషేధం పడుతుంది. అక్కడే ఉండి చదువుకునేవాళ్లకూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లకూ ఇది మామూలు తలనొప్పి కాదు.

వెనక్కి వెళ్లేటప్పుడు 10:30కి ఆఖరి బీరు చెప్పి 11:30 వరకు కూర్చుంటే మొత్తం జనంతో కలిసి బయటపడతారు. 10 దాటగానే లేస్తే స్టేషను దాకా తోపులాట లేకుండా నడవొచ్చు. ఊరి బయట ఉంటున్నవాళ్లు చివరి రైలు కాకుండా దానికి ముందు రైలు టైము కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఫోను చార్జింగ్ అయిపోయినా అది ఉంటుంది. రైలెక్కే ముందు మరుగుదొడ్డికి వెళ్లండి. ఎస్-బాన్ బోగీల్లో అవి ఉండవు.